ఎర్ర టేపు వేసిన స్విచ్

ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది ఆమే. లేచి, ముఖమైనా కడుక్కోకుండా ముందు స్విచ్‌ల సంగతి చూసేది. వంటగదిలో మిక్సీ, హాల్లో ఫ్యాను, అల్లుడు గోడకి వేలాడేసి మరిచిపోయిన ఫోను ఛార్జరు, ఒక్కొక్కటే ఆపేది. ఆపినదాన్ని మళ్ళీ వేలితో తడిమి చూసుకునేది. ఆసుపత్రిలో దుప్పట్లు మడతపెట్టే గదిలో ఆమె ఉద్యోగం. పై వార్డుల్లో ఏం జరిగిందో ఆమెకి ఎవరూ చెప్పరు. కిందికి దిగొచ్చే దుప్పట్లే చెబుతాయి. ఏళ్ళ తరబడి వాటిని చూసీ చూసీ, మనుషులు పడటానికీ కాలటానికీ జారటానికీ తప్ప ఇంకెందుకూ పుట్టలేదన్నట్టు ఆమె మనసు తయారైంది.

ఒక్క స్విచ్ మాత్రం ముట్టుకోవడానికి లేదు. అది డబ్బా టీవీ వెనక ఉంది. దాని మీద వియ్యపురాలు ఎర్ర టేపు అంటించింది. ఆ స్విచ్‌కి తగిలించి ఉన్నది పాతకాలం వీడియో గేము పెట్టె. పగలూ రాత్రీ దాని ముందు చిన్న ఎర్ర బల్బు వెలుగుతూనే ఉండేది. ఆపితే ఆటలో ఎక్కిన కొండంతా పోతుందట. రోజూ పొద్దున్నే ఆమె ఆ బల్బు ముందు కాసేపు నిలబడేది. ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూసేది. కాలుతున్న వాసన లేదని నమ్మకం కుదరక, అరచేత్తో పెట్టెని తాకి చూసేది. అది ఎప్పుడూ గోరువెచ్చగానే ఉండేది, జ్వరం దిగుతున్న పిల్ల నుదురులాగా.

ఆమె అక్కడికి వచ్చింది కూతురి కాలు కోసం. కూతురు సిటీ బస్సులో కండక్టరు. చిన్నప్పటి నుంచీ తల్లి పిలిచే పేరు పిచ్చుక. ఆ ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ పిచ్చుక బస్సులోంచి పడుతుందని తల్లి ప్రతిరోజూ భయపడింది. పిల్ల బస్సులోంచి పడలేదు. ఇంటి మెట్ల మీద, చేతిలో బరువేమీ లేకుండా, ఫోన్లో తల్లితో "జాగ్రత్తగానే ఉన్నానమ్మా" అని చెబుతూ పడింది. చీలమండ దగ్గర ఎముక విరిగి, లోపల స్క్రూలు వేశారు. ఆ చప్పుడు తల్లి ఫోన్లో విన్నది. తర్వాత ఎన్నిసార్లు కళ్ళు మూసుకున్నా ఆమెకి అదే వినపడేది.

సెలవు పెట్టి, సంచి సర్దుకుని, మూడో అంతస్తు ఎక్కి వచ్చింది. ఆ భవనానికి లిఫ్టు లేదు. ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేసే మెకానిక్కు తన అల్లుడు, అతని ఇంటికే లిఫ్టు లేదు. "వంటవాడి ఇంట్లో పొయ్యి వెలగదు చూడండి, అలాగే అత్తయ్యగారూ" అని అతను నవ్వేవాడు. ఆమెకి నవ్వు వచ్చేది కాదు. మళ్ళీ ఎవరైనా జారితే ఏమిటన్న ఆలోచనలోనే మెట్లన్నీ పూర్తయ్యేవి.

పిల్లని ఆ ఇంటికి ఇచ్చేటప్పుడు ఆమె భయపడని సంగతి లేదు. అల్లుడికి కనపడని జబ్బు ఉందేమో, ఇంటి పైకప్పు కురుస్తుందేమో, అన్నిటికంటే ముఖ్యంగా అత్త సాధిస్తుందేమో. ఆవిడ గడుసుదని అందరూ అన్నారు. భర్త పోయాక ఒక్కతే వీడియో గేముల దుకాణం నడిపింది. అల్లరి పిల్లలందరినీ చెవి పట్టుకుని వరసలో నిలబెట్టింది. అలాంటి మనిషి కోడల్ని వదులుతుందా అని తల్లి తనకు తెలిసిన అన్ని కష్టాలకీ ముందే సిద్ధపడింది. కూతురు ఏడుస్తూ ఫోను చేస్తే ఏం చెప్పాలో, పుట్టింటికి వచ్చేస్తే ఏ గదిలో పడుకోబెట్టాలో కూడా ఆలోచించి పెట్టుకుంది.

ఏడుస్తూ ఫోను రాలేదు. పెళ్ళై మూడేళ్ళు అయింది, ఒక్కసారి కూడా రాలేదు. "అత్త ఏమందో తెలుసా అమ్మా" అని మొదలుపెట్టి, నవ్వు ఆపుకోలేక సగంలో ఆగిపోయే ఫోన్లు వచ్చాయి. అత్త సాధిస్తుందని ఎదురుచూసిన తల్లికి, అత్తని కూతురు ఇంత ఇష్టపడుతుందన్న సంగతి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సాయంత్రం టీ తాగడం అయ్యాక ఆట మొదలయ్యేది. హాల్లో కిటికీ పక్కన పిచ్చుక మంచం. ఎదురుగోడకి టీవీ. మంచం పక్కన స్టూలు మీద వియ్యపురాలు. ఇద్దరి చేతుల్లో రెండు జాయ్‌స్టిక్‌లు, పొడవాటి వైర్లతో. దుకాణం మూసేసినప్పుడు ఆవిడ అన్నీ అమ్మేసి, ఆ ఒక్క పెట్టె, ఆ ఒక్క క్యాసెట్టు మాత్రం ఉంచుకుందట. ఆదివారం నాడు బట్టలో చుట్టిన క్యాసెట్టు తీసి, అడుగున నోటితో ఊది, పెట్టెలో దించి మొదలుపెట్టారు. అప్పటి నుంచీ ఎక్కుతూనే ఉన్నారు.

తెర మీద అదేమంత కొండ కాదు. గోధుమరంగు చదరాలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటుంది. దాని మీద గోరంత మనుషులు ఇద్దరు, ఒకరిది ఎర్ర టోపీ, ఇంకొకరిది నీలం టోపీ. ఇద్దరి నడుములకీ కలిపి ఒకే తాడు. పైవాడు ఎగిరి పై అంచు అందుకునేటప్పుడు కిందివాడు కొక్కెం దిగ్గొట్టి గట్టిగా పట్టుకోవాలి. పైవాడు నిలదొక్కుకున్నాక కిందివాడు కొక్కెం వదిలి, తాడు పట్టుకుని పైకి రావాలి. పట్టుకోవలసినప్పుడు పట్టుకోకపోయినా, వదలవలసినప్పుడు వదలకపోయినా ఇద్దరూ కలిసే పడతారు. మధ్యలో రాళ్ళు దొర్లుతాయి, గద్దలు వస్తాయి. పడినప్పుడల్లా ఒక ప్రాణం పోతుంది. ప్రాణాలన్నీ అయిపోతే పెట్టె మీద ఉన్న తెల్ల మీట నొక్కాలి, చివరిసారి దాటిన గుడారం దగ్గర మళ్ళీ మొదలవుతుంది. అంతే తప్ప ఆ పెట్టెకి జ్ఞాపకం లేదు. కరెంటు ఆపితే మళ్ళీ కొండ అడుగునే.

"అత్తా, పట్టుకో, పట్టుకో," అనేది పిచ్చుక.

"పట్టుకునే ఉన్నానే, నువ్వు ఎగురు ముందు. టికెట్లు కొట్టినట్టు ఒక్కో మీటా చూసి చూసి నొక్కుతావేం?"

అత్తని నువ్వు అంటుంది. తల్లి మొదటిరోజే గమనించింది. తనకి తన అత్తగారి ఎదుట కుర్చీలో కూర్చోవడానికే ఏళ్ళు పట్టింది. ఈ పిల్ల అత్త భుజం మీద తలపెట్టి, ఓడిపోతే అత్తని గిల్లుతుంది. తల్లి వంటగది గుమ్మంలో నిలబడి కూరగాయలు తరుగుతున్నట్టు ఉండేది. కత్తి ఆగిపోయి చాలాసేపైన సంగతి ఆమెకే తెలిసేది కాదు.

ఒకరోజు కూతురే పిలిచింది, నువ్వూ ఆడమ్మా అని. తల్లి జాయ్‌స్టిక్‌ని వేడి గిన్నెలా పట్టుకుంది. నీలం టోపీవాడు ఆమెది. కూతురి ఎర్ర టోపీ పైకి ఎగరగానే, అయ్యో పడిపోతుందని ఆమె కొక్కెం మీట నొక్కింది. నొక్కింది నొక్కినట్టే ఉంచింది. తాడు బిగిసి ఎర్ర టోపీ గాల్లోనే ఆగి, తలకిందులై కిందికి వచ్చింది. మళ్ళీ అలాగే. మూడోసారి అత్తాకోడళ్ళిద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. అందులో ఎగతాళి లేదు, ఆ సంగతి తల్లికీ తెలుసు. అయినా ఆ నవ్వులో ఇద్దరికే చోటుందని అనిపించింది. జాయ్‌స్టిక్ మంచం మీద పెట్టి, పాలు పొంగుతున్నాయని చెప్పి లేచింది. పొయ్యి మీద పాలే లేవు.

ఆ తర్వాత ఆ ఆటలో తనకంటూ ఒక పని వెతుక్కుంది. ప్రాణాలన్నీ అయిపోయి తెర నల్లబడగానే, ఎక్కడున్నా చటుక్కున వచ్చి తెల్ల మీట నొక్కేది. నువ్వు లేవకు, నేనున్నాగా అనేది. పిచ్చుక అప్పటికే మంచం అంచుకి జరిగి ఉండేది. మళ్ళీ వెనక్కి జరిగేది. తల్లి ఆ కాలి కింద దిండు సరిచేసి, ఇంకొక దిండు పెట్టేది. వియ్యపురాలు ఏదో అనబోయి, జాయ్‌స్టిక్ చూస్తున్నట్టు తల వంచుకునేది.

తల్లి సెలవు శనివారంతో అయిపోతుంది. వచ్చిన నాటి నుంచీ ఆమె మనసులో ఒకటే, వెళ్ళేటప్పుడు పిచ్చుకని వెంట తీసుకెళ్ళాలి. తనది కింది ఇల్లు, ఒక్క మెట్టు కూడా లేదు. ఆ ఇంట్లో మంచం కిటికీ దగ్గరకి జరిపించింది. పగలు చూసుకోవడానికి పక్కింటావిడకి చెప్పి ఉంచింది. బుధవారం పొద్దున టీ తాగుతూ ఆ మాట బయటపెట్టింది. అల్లుడు మీ ఇష్టమే అత్తయ్యగారూ అన్నాడు.  పిచ్చుక ముందు అత్త వైపు చూసింది.

చూసింది అంతే.  ఇరవై ఏడేళ్ళు ఆ పిల్ల ఏది అడగాలన్నా ముందు తల్లి ముఖమే చూసింది.

"ఇక్కడే ఉంటానమ్మా," అంది పిచ్చుక. "ఆట కూడా సగంలో ఉంది కదా."

ఎవరో పసిపిల్ల చెప్పే సాకులా ఉంది. దాని వెనక ఇంకేదో ఉందని తల్లికి తెలిసింది. అదేమిటో ఆలోచించి చూసింది. తను అక్కర్లేదు అన్న మాట తప్ప ఆమెకి ఇంకేమీ తోచలేదు. సరేనంది. గ్లాసులు తీసుకెళ్ళి కడిగింది. కడిగినవే మళ్ళీ కడిగింది.

గురువారం పొద్దున ఎప్పట్లాగే ముందు లేచింది. మిక్సీ, ఫ్యాను, ఛార్జరు. తర్వాత టీవీ వెనక్కి వెళ్ళింది. ఎర్ర బల్బు వెలుగుతోంది. ఆమె పెట్టె మీద చెయ్యి పెట్టింది. గోరువెచ్చగా ఉంది. కాలిపోతుందేమో, నిద్రలో అందరూ పోతారేమో, పిల్ల లేచి పరిగెత్తనైనా లేదే అని రోజూ అనుకునే మాటలు ఒక్కొక్కటే అనుకుంది. ఆ రోజు అవేవీ నిజం భయాలు కావని అనుకుంటుండగానే తెలిసిపోయింది. అయినా టేపు గోటితో ఎత్తింది. స్విచ్ నొక్కింది. బల్బు ఆరిపోయింది. మళ్ళీ నొక్కితే వెలిగింది. కొండ ఎటూ పోయిందిక. టేపు జాగ్రత్తగా అంటించి, మంచం వైపు చూసింది. పిచ్చుక నోరు కొంచెం తెరుచుకుని పడుకుంది, చిన్నప్పటిలాగే. తల్లికి ఏడుపు రాలేదు. 

సాయంత్రం టీవీ పెట్టగానే కొండ అడుగు వచ్చింది. పచ్చిక, రెండు టోపీలు, ఒక్క గుడారం కూడా దాటని తెర. అల్లుడు ఇంకా పని నుంచి రాలేదు. గదిలో ముగ్గురు ఆడవాళ్ళే ఉన్నారు. పిచ్చుక తెరనే చూస్తూ ఉండిపోయింది.  కరెంటు పోయి వచ్చిందేమో అన్న మాట తల్లి నాలుక చివర ఉంది.

వియ్యపురాలు లేచి టీవీ వెనక్కి వెళ్ళింది. వంగి, అక్కడ అవసరమైన దానికంటే కాసేపు ఎక్కువే ఉంది. ఇవతలికి వచ్చి చేతులు దులుపుకుంది.

"నేనేనే పిల్లా. పొద్దున తుడుస్తుంటే గుడ్డ తగిలినట్టుంది. నా బుద్ధి ఎక్కడ పెట్టానో."

"పోనీలే అత్తా," అంది పిచ్చుక. గొంతు తడిగా ఉంది. అయినా చెయ్యి చాపి అత్త చెయ్యి నొక్కింది.

తల్లి అది చూసింది. తప్పు చేసింది తను, క్షమ ఆవిడకి దొరికింది. ఆ చెయ్యి నొక్కడం కూడా ఆవిడకే పోయింది. అంతవరకూ సిగ్గుతో కుంచించుకుపోయిన మనిషికి ఒక్కసారి ఒళ్ళు మండింది. వియ్యపురాలు వంటగదిలోకి వెళితే వెనకే వెళ్ళింది.

"అబద్ధం ఎందుకు చెప్పారు వదినగారూ?"

వియ్యపురాలు కుళాయి తిప్పింది. "ఏం అబద్ధం?"

"ఆపింది నేను. మీకు తెలిసే చెప్పారు."

"తెలుసు. టేపు చివర మడతపెట్టి ఉంది, మళ్ళీ తీసుకోవడానికి వీలుగా. ఈ ఇంట్లో టేపుకి కూడా అంచు మడిచే మనిషి ఇంకెవరున్నారు?"

తల్లి తన వేళ్ళ వైపు చూసుకుంది. దుప్పటి అయినా, కాగితం అయినా, మందుల కవరు అయినా చివర మడవందే ఆ వేళ్ళు ఊరుకోవు. తెలియకుండానే మడిచేశాయి.

"అయితే చెప్పాల్సింది. అది నన్ను తిట్టేది. తిడితే పడేదాన్ని. నా కూతురు నన్ను తిట్టుకునే తిట్టు కూడా మీరే తీసుకోవాలా? పిల్లని తీసుకున్నారు, చాలదా?"

"నేనేం తీసుకున్నాను?"

"అన్నీ. అది నవ్వేది మీతో. అడిగేది మిమ్మల్ని. నేను రమ్మంటే మీ ముఖం చూస్తుంది. మీరు గడుసువాళ్ళని అందరూ చెప్పారు. సరే, గడుసుదైతే ఏం, ఏడుస్తూ నా దగ్గరికే వస్తుంది కదా అనుకున్నా. మూడేళ్ళు ఎదురుచూశా. ఒక్కసారి రాలేదు."

"రానందుకా మీ బాధ?"

తల్లి ఆగింది. ఆ మాట ఇంకొకరి నోటి నుంచి వింటే ఎంత ఘోరంగా ఉందో ఆమెకి వినపడింది. అయినా వెనక్కి తీసుకోలేదు. "అవును. అందుకే," అంది.

వియ్యపురాలు కుళాయి కట్టేసింది. కోప్పడుతుందని తల్లి ఎదురుచూసింది. కోప్పడితే బాగుండనిపించింది. ఆవిడ గిన్నె తుడుస్తూ, ఎలాంటి అత్తనైతే మీకు నచ్చేదో చెప్పండి, రేపటి నుంచి ప్రయత్నిస్తా అంది. అని, తన మాటకి తనే నవ్వబోయి నవ్వలేకపోయింది.

"నాకు మాత్రం లేదనుకున్నారా కడుపుమంట? కాలు విరిగి మెట్ల మీద పడి ఉంటే మొదట పరిగెత్తింది నేను. తల ఒళ్ళో పెట్టుకున్నది నేను. అది 'అమ్మా' అని ఏడ్చింది. పక్కనే ఫోన్లో మీరు అరుస్తున్నారు. నా ఒళ్ళో పడుకుని ఫోను వైపు చెయ్యి చాపింది వదినగారూ. ఇప్పటికీ నొప్పి వస్తే అమ్మా అనే అంటుంది. గోడ అవతల నుంచి వింటాను. లేచి చెప్పులు వేసుకుని గుమ్మం దాకా వస్తాను. మీరు అప్పటికే దాని కాలు ఒళ్ళో పెట్టుకుని ఉంటారు. వెనక్కి వెళ్ళి పడుకుంటాను. నవ్వు పంచుకోవడానికి ఎవరైనా చాలు. ఏడ్చేటప్పుడు పిలిచే పేరు నాకు ఎప్పటికీ రాదు."

 రోజూ రాత్రి గుమ్మం దగ్గర ఆ చెప్పుల చప్పుడు తల్లి విన్నది. కాపలా కాస్తోందనుకుంది.

"ఇంకొకటి కూడా చెబుతాను, ఇప్పుడే చెప్పకపోతే ఎప్పటికీ చెప్పలేను," అంది వియ్యపురాలు గొంతు తగ్గించి. "ఆ పెట్టె గోడ దగ్గరే ఎందుకు పెట్టానో తెలుసా? వైరు చాలక కాదు. కాలు కింద పెట్టించమని వ్యాయామాల డాక్టరమ్మ చెప్పింది, మీ ఎదురుగానే చెప్పింది. ఊరికే నడవమంటే ఈ పిల్ల నడవదు, భయం. ఓడిపోతే తెల్ల మీట నొక్కడానికైనా లేస్తుందని అంత దూరంగా పెట్టాను. రెండుసార్లు లేచింది కూడా, కుర్చీ పట్టుకుని. తర్వాత ఆ పని మీరు అందుకున్నారు. అది లేచేలోపు మీరే నొక్కుతున్నారు."

తల్లి గోడకి ఆనుకుంది. ఆ ఆటలో తను సంపాదించుకున్న ఒక్కగానొక్క పని అది. రోజూ ఎంత ఇష్టంగా చేసింది. అలా తన చేత్తోనే పిల్లని మంచానికి కట్టేసింది. మీట నొక్కి తను వెనుదిరిగినప్పుడల్లా పిచ్చుక మంచం మీద వెనక్కి జరగడం ఇప్పుడు వరసగా గుర్తొచ్చింది. దిండ్లు గుర్తొచ్చాయి.

హాల్లోకి వచ్చి మంచం పక్కన కూర్చుంది. చెప్పబోయింది. పిచ్చుకే ముందు మాట్లాడింది, వినపడిందమ్మా అని. ఆ ఇంట్లో వంటగదికి తలుపు లేదు, గుడ్డ తెర మాత్రమే ఉంది.

"నీ మీద కోపంగానే ఉంది," అంది పిచ్చుక గోడ వైపు చూస్తూ. "కానీ నీతో రానన్నది ఆట కోసం కాదు. వస్తే నేనిక లేవను. నువ్వు పక్కనుంటే నాకు నొప్పి ఎక్కువవుతుందమ్మా. నా కాలు చూసినప్పుడు నీ ముఖం ఉంటుంది చూడు, అది చూస్తే నేను ఇక ఎప్పటికీ నడవలేననే అనిపిస్తుంది. అత్త ముఖం అలా ఉండదు. ఆవిడకి నా మీద ప్రేమ తక్కువయ్యా కాదు, నీకు ఎక్కువయ్యా కాదు. ఆవిడ ఎవరినీ కిందికి దిగొచ్చిన దుప్పట్లలో చూడలేదు."

 తల్లి చెయ్యి అలవాటుగా దిండు వైపు వెళ్ళింది. వెళ్ళి, మధ్యలో ఆగి, తన ఒళ్ళోకి తిరిగి వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం ఆమె స్టూలు లాక్కుని వియ్యపురాలి పక్కన కూర్చుంది. నేర్పండి వదినగారూ అంది. నేను పోగొట్టింది నేనే ఎక్కి ఇవ్వాలి కదా అంది. పిచ్చుక మాత్రం మీరే ఆడుకోండి, నాకు ఓపిక లేదని అటు తిరిగి పడుకుంది.

నేర్పడం అంత సులువుగా జరగలేదు. బాణం మీట ఏదో కొక్కెం మీట ఏదో ఆమెకి మాటిమాటికీ తారుమారయ్యేది. వియ్యపురాలు ఆమె బొటనవేళ్ళు తన చేత్తో తీసి మీటల మీద పెట్టింది. ఎడమ వేలు నడక, కుడి వేలు కొక్కెం, చూడకుండా నొక్కండి, తెర చూడండి అంది. మొదటి అంచు మీద ఎర్ర టోపీ ఎగిరింది. తల్లి కొక్కెం దిగ్గొట్టింది. బాగుందంది వియ్యపురాలు. ఎర్ర టోపీ పైన నిలబడింది. నీలం టోపీ కదల్లేదు.

"ఇప్పుడు వదలాలి."

"వదిలితే పడిపోరూ మీరు?"

"నేను పైన నిలబడ్డాను కదండీ. మీరు కొక్కెం వేసుకుని కూర్చుంటే నేనెక్కడికి ఎక్కను, మీరెక్కడికి వస్తారు? వదలండి."

తల్లి కళ్ళు మూసుకుని వేలు ఎత్తింది. తెరిచి చూసేసరికి నీలం టోపీ తాడుకి వేలాడుతూ పైకి పోతోంది. పడలేదు. ఆమె నోటి వెంట చిన్న శబ్దం వచ్చింది. మంచం మీద పిచ్చుక కొంచెం కదిలింది.

రెండో గుడారం దాటాక వియ్యపురాలికి ఒక సంగతి తెలిసింది. ఈవిడ వేళ్ళు మొద్దు, కళ్ళు మాత్రం కావు. రాయి దొర్లే ముందు పై చదరం మీద మంచు చుక్క ఒకటి జారుతుంది. దుకాణం నడిపినన్నాళ్ళూ ఆవిడ ఆ చుక్కని పట్టించుకోలేదు. తల్లి మొదటిసారే పట్టింది. "ఆగండి, ఏదో రాబోతోంది," అనేది. ఆగితే, వాళ్ళ ముందు నుంచే రాయి దొర్లిపోయేది. గద్ద అటు తిరిగిందంటే మళ్ళీ ఇటే వస్తుందని కూడా ఆమే కనిపెట్టింది. రానున్న చెడుని ముందుగా చూడటం తప్ప ఆమెకి జీవితంలో వేరే చదువు లేదు. ఆ చదువు ఇన్నాళ్ళకి ఒక చోట పనికొచ్చింది. ఇంత భయం మీరు ముందే తెచ్చి ఉంటే దుకాణంలో జనం చేత చప్పట్లు కొట్టించేదాన్ని అంది వియ్యపురాలు. తల్లి నవ్వింది. ఆ ఇంటికి వచ్చాక అదే మొదటి నవ్వు.

సాయంత్రానికి పోయిన చోటి దాకా వచ్చేశారు. ఇంకా ఒక గుడారం పైకే వెళ్ళారు. టీ చల్లారిపోయింది. ఇద్దరికీ అటు చూడటానికి తీరిక లేదు. "పట్టుకోండి", "వదిలాను", "మంచు, మంచు", "ఎగరండి". మంచం మీద పిచ్చుక ఎప్పుడో ఇటు తిరిగింది. మోచేతి మీద లేచి చూస్తోంది. అటు కాదు, ఎడమవైపు అంచు ఉంది అని ఒకసారి అంది. ఇద్దరిలో ఎవరూ వినిపించుకోలేదు.

చివరి ప్రాణాన్ని గద్ద తన్నుకుపోయింది. తెర నల్లబడింది. తెల్ల మీట నొక్కమని అక్షరాలు వెలిగి ఆరుతున్నాయి, పక్కన అంకెలు ఒక్కొక్కటే తగ్గుతున్నాయి. సున్నాకి వచ్చేలోపు నొక్కకపోతే ఎక్కిందంతా పోతుంది.

తల్లి సగం లేచింది. వియ్యపురాలు ఆమె మోచెయ్యి పట్టుకుంది. తెర వైపే చూస్తూ ఉంది. తల్లికి అర్థమైంది, మళ్ళీ కూర్చుంది. కూర్చుని జాయ్‌స్టిక్‌ని రెండు చేతులతో పట్టుకుంది.

"అమ్మా, అయిపోతోంది," అంది పిచ్చుక.

ఎవరూ కదల్లేదు.

"అత్తా, లేవరేం ఇద్దరూ?"

మంచం కిర్రుమంది. తల్లి వెనక్కి తిరగలేదు. తిరిగితే తన ముఖం ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు. వెనక మంచి కాలి అడుగు వినపడింది. తర్వాత ఏమీ లేదు. ఆ ఖాళీలో పిల్ల పడినట్టూ, స్క్రూలు ఊడినట్టూ, మళ్ళీ ఆసుపత్రికి మోసుకెళ్ళినట్టూ అంతా తల్లి కళ్ళ ముందు జరిగిపోయింది. పడతావే అన్న మాట గొంతు దాకా వచ్చింది. పళ్ళు బిగించి మింగింది. అప్పుడు రెండో అడుగు వినపడింది, మెల్లగా, నేలని అడిగి వేసినట్టు. కుర్చీ జరిగిన చప్పుడు. ఆ తర్వాత కుర్చీ చప్పుడు లేకుండానే ఇంకొక అడుగు.

పిచ్చుక ఇద్దరి మధ్య నుంచి వెళ్ళి తెల్ల మీట నొక్కింది. గుడారం వెలిగింది. టీవీ పట్టుకుని నిలబడి ఇటు తిరిగింది. రొప్పుతోంది, ముఖమంతా ఎర్రబడింది.

"నన్ను వదిలేసి ఇద్దరే పైదాకా వెళ్ళిపోతారా? మధ్యాహ్నం నుంచి చూస్తున్నా, ఒక్కసారి ఆడతావా అని అడిగినవాళ్ళు లేరు. జరగండి."

అసూయతో ఆ గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది. ఆ గొంతు తల్లికి బాగా తెలుసు, రెండు రోజులుగా తన లోపల వినపడింది అదే. ఆమె జరిగింది. జరుగుతూ కూతురి ముఖం చూసింది, కాలు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఆమెకి ఎంత బలం పట్టిందో పక్కన కూర్చున్న వియ్యపురాలికి ఒక్కతెకే తెలిసింది. ఆవిడ తన జాయ్‌స్టిక్ వచ్చి కూర్చున్న కోడలి చేతిలో పెట్టి, తల్లి వీపు మీద చెయ్యి వేసింది. అప్పుడు వచ్చింది తల్లికి ఏడుపు, అంతసేపూ ఎక్కడుందో తెలియని ఏడుపు.

"తెర కనపడుతోందా నీకు?" అంది పిచ్చుక.

"కనపడుతోంది. నువ్వు ఎగురు, పట్టుకున్నా."

శనివారం పొద్దున ఆమె ఒక్కతే సంచి సర్దుకుంది. మెట్లు దిగగలిగిన రోజు నా అంతట నేనే వస్తానంది పిచ్చుక నిద్రమత్తులో, నువ్వు కిందినుంచి మెట్లు లెక్కపెట్టకు అంది. అల్లుడు సంచి తీసుకుని ముందు దిగాడు. ఆమె అలవాటు ప్రకారం స్విచ్‌లు చూసుకుంది. మిక్సీ, ఫ్యాను, ఛార్జరు. టీవీ వెనక్కి వెళ్ళింది. బల్బు వెలుగుతోంది. పెట్టె గోరువెచ్చగా ఉంది. ఎర్ర టేపు చివర తను పెట్టిన మడత అలాగే ఉంది. ఆమె దాన్ని గోటితో విప్పి, సాపు చేసి, బొటనవేలితో గట్టిగా అదిమింది, మళ్ళీ ఊడి రాకుండా.